సాలీడుతో కరిపించుకున్న అసిరి

అనగా అనగా, మోటార్లు రాకముందు, ఎక్కడికెళ్ళినా ఎడ్లబండే దిక్కయిన రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరి అని ఒకామె. ఊరి నాయుడి పశువుల సాలలో పేడ ఎత్తేది, కసవు ఊడ్చేది, కుడితి పోసేది. మొగుడు పోయాడు. పిల్లల్లేరు. ఆ సాలే ఆమెకి లోకం.

సాలలో ఏ మూల చూసినా సాలెగూళ్ళే. అసిరి వాటి జోలికి పోయేది కాదు.

"ఈగల్నీ దోమల్నీ పడతన్నాయి. గొడ్డు కాసేపు నిమ్మళంగా పడుకుంటాది. మనల్నేటి చేస్తన్నాయి?" అనేది.

నాయుడి పెళ్ళాం సన్యాసమ్మకి మాత్రం సాలీడంటే ఒళ్ళు జలదరింపు. ఒంటి మీద పాకితే పొక్కులు, కరిస్తే చావు అని చిన్నప్పటినించీ విన్నది.

ఒక వానాకాలం నాయుడి కూతురు ముత్యాలు, ఆరేళ్ళ పిల్ల, కొత్త దూడ పక్కనే పడుకుంటానని మారాం చేసింది. సాలలో గడ్డి మీదే నిద్రపోయింది. తెల్లారి కడుపునొప్పని ఏడుస్తూ లేచింది. చేతి మీద రెండు సన్నటి చుక్కలు. వాపు లేదు. జుట్టుకి సాలెగూడు అంటుకుని ఉంది.

"సాలీడు కరిచేసింది!" అని తల్లి కేక పెట్టింది. ఊరంతా అదే మాట.

అసిరి పిల్ల మొహం చూసింది. కనురెప్పలు వాలిపోతున్నాయి. కట్లపాము కరిచిన పొద్దు తన మొగుడి రెప్పలు అలాగే వాలాయి. ఆ పొద్దు అతనికి బండి ఎవరూ ఇవ్వలేదు.

ముందు సన్యాసమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మా, ఇది సాలీడు కాదు, పాము. బండి కట్టించండి. పట్నం ఆసుపత్రిలో మందుందట."

"పేడ ఎత్తేదానివి, నీకేటి తెలుసు?" అంది సన్యాసమ్మ.

నాయుడి దగ్గరికి పోయింది.

"బాబూ, ఇది సాలీడు కాదు, పాము. బండి కట్టించండి."

"పేడ ఎత్తేదానివి, నీకేటి తెలుసు? బూజు దులపకుండా నువ్వే నా బిడ్డ మీదకి తెచ్చావు" అన్నాడు నాయుడు.

సాలీడు విషం దించుతానని వేపమండలు పట్టుకుని కూర్చున్న మంత్రగాడి కాళ్ళ మీద పడింది.

"అయ్యా, ఇది సాలీడు కాదు, పాము. నువ్వయినా చెప్పు."

"పేడ ఎత్తేదానివి, నీకేటి తెలుసు?" అన్నాడు మంత్రగాడు.

అసిరి లేచింది. అందరూ చూస్తుండగా సాలలోకి నడిచింది. అన్నిటికన్నా పెద్ద గూట్లో చెయ్యి పెట్టి, ఆముదపు గింజంత సాలీడుని పిడికిట్లో బిగించింది. అది కరిచింది. ఆమె చెయ్యి చాపి చూపించింది.

"ఇదిగో, కరిచింది. చీమ కుట్టినట్టుంది, అంతే. నేను చస్తే మీ మాట నిజం. బతికుంటే బండి కట్టండి."

నిలబడి చూశారు. పొద్దు బారెడెక్కింది. అసిరి చేతి మీద చిన్న ఎర్ర దద్దురు లేచింది, అణిగిపోయింది. అరుగు మీద ముత్యాలుకి మాట పడిపోయింది. అమ్మని పిలవబోతే గొంతు రాలేదు.

అప్పుడు బండి కట్టారు. ఎడ్లు ఏట్లో దిగేసరికి పిల్ల ఊపిరి ఆగిపోయింది.

ఇప్పటికైనా తన మాట నిజమంటారనుకుంది అసిరి. పిల్లని పూడ్చి వచ్చినవాళ్ళు వేరే మాట అన్నారు.

"పిల్లని చంపిన విషం దీనికి ఎక్కలేదంటే, ఇది మనిషేనా? చిల్లంగి పెట్టే మంత్రగత్తె!"

సాలెగూళ్ళన్నీ కాగడాలు పెట్టి కాల్చారు. అసిరిని రాళ్ళు రువ్వి ఏరు దాటించారు. చేతికి రాయి తగిలితే ఏడవలేదు. వెనక కొత్త దూడ అరుస్తుంటే ఏడ్చింది. ఏరవతల కుమ్మరి కుండలు కాల్చే ఆవం పక్కన నాలుగు తాటాకులతో పాక వేసుకుని ఉంది. మూడో నెలలో జ్వరం వచ్చి అక్కడే పోయింది. కుమ్మరే పూడ్చాడు.

ఏడాది తిరిగింది. సాలలో పాత గడ్డి తీస్తుంటే అడుగునించి కట్లపాము బయటపడింది. తెల్ల పట్టెలతో, నల్లగా, బారెడు పాము. పక్కనే దాని గుడ్లు. నాయుడు తల దించుకుని ఇంట్లోకి పోయాడు. సన్యాసమ్మ ఒక్కతే ఏరు దాటింది. కుమ్మరి ఆమెకి మట్టిదిబ్బ చూపించాడు. దాని పక్కన కూలబడింది.

"మూడుసార్లు చెప్పింది" అంది. "మొదట నాకే చెప్పింది."

ఆ ఏటి ఒడ్డు ఊళ్ళలో ఇప్పటికీ పశువుల సాలలో సాలెగూడు దులపరు. ఎవరినైనా ఏదైనా కరిస్తే, పెద్దలు ముందడిగే మాట ఒక్కటే: "అసిరినడిగారా?" అంటే, సాల ఊడ్చేవాళ్ళని అడిగారా అని. అడుగుతారు, విని బండి కడతారు.

ఆ చెప్పినవాళ్ళని అరుగెక్కి కూర్చోమని మాత్రం ఇంకా ఎవరూ అనలేదు.