అడగకుండా పోసిన నీళ్లు

ఎవరికి ఏం కావాలో అడగకుండానే అన్నీ పెట్టేసే వరహాలమ్మ అనే ఆవిడ తునిలో ఉండేది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా! వరహాలమ్మ దగ్గర ఆ సామెత పప్పులుడకవు. ఆవిడ అడిగినా పెట్టేది, అడక్కపోయినా పెట్టేది. వద్దు మొర్రో అని విస్తరి మీద చేతులు అడ్డం పెడితే, ఆ వేళ్ల సందుల్లోంచి వడ్డించేది. షుగరుందని మొత్తుకునే మరిది నోట్లో కూడా సున్నుండ కుక్కి, "ఒక్కటే కదా నాయనా" అనేది. మనసు మాత్రం వెన్న. అందుకే ఆవిడని ఎవరూ ఏమీ అనలేకపోయేవాళ్లు.

అలాంటి ఇంటికి మృదుల కోడలై వచ్చింది. పెళ్లికి ఏడాది ముందే ఆ పిల్ల తల్లి జబ్బు చేసి పోయింది. సారెతోపాటు మృదుల ఒక కుండీ కూడా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. అందులో ఉన్నది తల్లి తన చేత్తో నాటిన కలబంద. చిన్నప్పుడు ఇస్త్రీ పెట్టె తగిలి మృదుల చెయ్యి కాలితే, ఆ మొక్క మట్టనే విరిచి వాళ్లమ్మ గుజ్జు రాసింది. అమ్మ ఫోటోలు చాలానే ఉన్నాయి. అమ్మ పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది మాత్రం తనూ, ఆ మొక్కా.

ఆ సంగతి విన్నప్పుడే వరహాలమ్మ గుండె కరిగి నీరైపోయింది. తల్లి లేని పిల్లకి ఏ లోటూ రానివ్వకూడదని అనుకుంది. మృదుల ఎప్పుడైనా "మా అమ్మయితే ఈ పులుసులో..." అని మొదలుపెడితే చాలు, ఎక్కడ ఏడుస్తుందోనని ఈవిడకి కంగారు. "ఊరుకో తల్లీ, ఊరుకో" అంటూ ఆ పిల్ల చేతిలో ఓ కజ్జికాయ పెట్టేసేది. మృదుల ఆ మాట అక్కడే మింగేసి, కజ్జికాయ కొరికేది. అలా కొరికి కొరికి కొన్నాళ్లకి మాట్లాడడమే తగ్గించేసింది. తిండి కూడా తగ్గింది. కోడలు చిక్కిపోతోందని వరహాలమ్మ వడ్డన ఇంకాస్త పెంచింది.

కోడలి మీద అంత ప్రేమున్న మనిషి, కోడలి మొక్కని ఊరికే వదులుతుందా? వసారాలో కొత్తగా టైల్స్ వేయించారు. వాటి మీద మట్టినీళ్ల మరక పడకూడదని కుండీ అడుగు చిల్లులో ఒక గుడ్డపేలిక బిగించి మరీ మొక్కని అక్కడ పెట్టింది. పొద్దున్నే బియ్యం కడిగిన నీళ్లు పోసేది. మధ్యాహ్నం ఎండ చూసి జాలేసి మరో చెంబు పోసేది.

కొన్నాళ్లకి కలబంద మట్టలు అంచుల దగ్గర లోపలికి ముడుచుకోవడం మొదలైంది. నిండుగా, దళసరిగా ఉండే మట్ట కాస్తా పలచబడి దొన్నెలా వంగిపోయింది. మృదుల దాని పక్కన చతికిలబడి ఒక్కో మట్టనీ వేలితో నిమిరి చూసింది. దాహమేస్తోంది కాబోలు అనుకుని గ్లాసుడు నీళ్లు పోసింది. మావగారు సన్యాసిరావు రిటైరైన కండక్టరు. ఆయనకీ కోడలంటే అభిమానమే. కాకపోతే పైకి చెప్పే మనిషి కాదు. వాకింగ్ నుంచి వచ్చి, సీసాలో మిగిలిన నీళ్లు ఎవరూ చూడకుండా కుండీలో వంపేసేవాడు. ముగ్గురూ పోస్తున్నారు. ఒకరి సంగతి ఇంకొకరికి తెలీదు. మట్టలు ఇంకా ముడుచుకున్నాయి, వీళ్లు ఇంకా పోశారు.

ఒకరోజు మృదుల ముట్టుకోగానే అడుగు మట్ట ఊడి చేతిలోకి వచ్చేసింది. మొదలు దగ్గర మెత్తగా, గోధుమరంగుగా కుళ్లిపోయి ఉంది. ఆ పిల్ల దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"అమ్మది ఇదొక్కటే మిగిలిందత్తయ్యా. ఇది కూడా పోతోంది" అంది.

వరహాలమ్మ పరుగున వచ్చి ఆ మట్టని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇది ముమ్మాటికీ దిష్టే అని తేల్చేసింది. కుండీ పెట్టిన కొత్తలో పక్కింటావిడ వచ్చి "ఎంత ఏపుగా ఉందండీ!" అని వెళ్లింది కదా, ఆ కళ్లే! గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, కుండీని గుమ్మంలోకి లాగి, చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి అంటూ చెయ్యి పైకెత్తేసరికి, గుమ్మం పైన వేలాడుతున్నది వేళ్లకి తగిలింది.

అదీ కలబందే. కొడుకు పెళ్లినాడు ఇంటికి దిష్టి తగలకూడదని ఆవిడే దాన్ని వేళ్లతో సహా తలకిందులుగా కట్టింది. కట్టి మర్చిపోయింది. దానికి మట్టి లేదు, కుండీ లేదు, చుక్క నీరు లేదు. అయినా ఆకుపచ్చగా ఉంది. పైగా కొస చిగురు వెలుతురుకేసి తిరిగి పైకి లేస్తోంది.

వరహాలమ్మ ఉప్పు చేతిలో అలాగే పట్టుకుని దానికేసి చూసింది. "నీకెవరు పోస్తున్నారే నీళ్లు?" అని అడిగింది.

నవ్వకండి. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక నోరారా అడిగిన మొదటి ప్రశ్న అదే. ఒకసారి అడగడం మొదలుపెట్టాక ఇక ఊరుకోలేదు. ఈ కుండీలో ఎవరు నీళ్లు పోస్తున్నారని ఇంట్లోవాళ్లనీ నిలదీసింది. పేపరు చాటు నుంచి సన్యాసిరావు తాను పోస్తున్నానన్నాడు. మృదుల తానూ పోస్తున్నానంది. వరహాలమ్మ తన లెక్క చెప్పబోయి సిగ్గుపడి ఆగిపోయింది.

కుండీని పక్కకి వంచి మొక్కని బయటికి తీశారు. మురుగువాసన గుప్పుమంది. మట్టి బురదగా ఉంది. వేళ్లు నల్లబడి, పట్టుకుంటే జారిపోతున్నాయి. అప్పటికి గానీ ఆవిడకి అర్థం కాలేదు. తాగాల్సిన వేళ్లే కుళ్లిపోయాయి. చుట్టూ నీళ్లున్నా మొక్క తాగలేక, దాహంతోనే ముడుచుకుపోయింది. ఎంత పాపం చేశాను తల్లీ అని వరహాలమ్మ గడపలో కూలబడి ఏడ్చింది.

అదృష్టం కొద్దీ రెండు మూడు తెల్లటి వేళ్లు గట్టిగానే ఉన్నాయి. మృదుల కత్తి తెచ్చి కుళ్లిన వేళ్లన్నీ కోసేసింది. కోసినచోట తడి ఆరేదాకా మొక్కని నీడలో ఒట్టిగా పడుకోబెట్టారు. వరహాలమ్మ గుడ్డపేలిక పీకి అవతల పారేసింది. మరక పడితే టైల్స్ తుడుచుకోవచ్చు, ఈ మొక్క పోతే తేలేనంది. కుండీ అడుగున పెంకుముక్కలు పరిచి, సగానికి సగం ఇసుక కలిపిన మట్టి పోసి, మొక్కని మళ్లీ నాటారు.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. నాటాక కూడా కొన్నాళ్లు నీళ్లు పోయకూడదు. ఆ తర్వాతైనా వేలు లోపలికి గుచ్చి, మట్టి బాగా ఎండిందని తెలిస్తేనే పోయాలి. వరహాలమ్మ చెంబు పట్టుకుని కుండీ దాకా వెళ్లేది. వేలు గుచ్చేది. చల్లగా తగిలేది. పాపం, ఆ చెంబెడు నీళ్లూ తనే గటగటా తాగేసి వెనక్కి వచ్చేది. పెట్టకుండా ఉండడం ఆవిడకి ఉపవాసం కన్నా కష్టమైంది.

ఒకరోజు వేలు గుచ్చి చూస్తుంటే, ముడుచుకున్న మట్టల్లో ఒకటి కాస్త విచ్చుకుని కనిపించింది. దాని పక్కన చిటికెనవేలి గోరంత పిలక మట్టిని తోసుకుని లేస్తోంది. వరహాలమ్మ కేకేసింది. మృదుల పరుగున వచ్చి చూసింది. చూస్తూ చూస్తూ, "మా అమ్మయితే ఈ పాటికి..." అని, అలవాటుగా ఆగిపోయింది.

వరహాలమ్మ కూడా అలవాటుగానే లేచింది. వంటింట్లో డబ్బా నిండా కజ్జికాయలున్నాయి. గుమ్మం దాకా వెళ్లింది. పైన వేలాడుతున్న కలబందని చూసింది. వెనక్కి తిరిగి వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ నిన్ను అడగనే లేదు. నీకేం కావాలి తల్లీ?"

మృదుల ఆ పిలక చుట్టూ మట్టిని వేలితో సర్దింది. తర్వాత మెల్లగా, "మా అమ్మ గురించి చెప్పుకోవాలని ఉందత్తయ్యా. ఏడుపొస్తే ఏడవనివ్వండి" అంది.

వరహాలమ్మ ఊరుకోమనలేదు. చేతిలో ఏమీ పెట్టలేదు. ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని వింది. మృదుల కాసేపు చెప్పింది, కాసేపు ఏడ్చింది, మధ్యలో అమ్మ చేసిన అల్లరి ఏదో గుర్తొచ్చి నవ్వింది కూడా. ఆ పూట అన్నం దగ్గర, ఎవరూ వడ్డించకుండానే ఇంకాస్త పులుసు తానే పోసుకుంది.

ఇప్పటికీ వరహాలమ్మ ఇంట్లో వడ్డన జోరుగానే ఉంటుంది, కానీ గరిటె పైకెత్తి "వెయ్యనా?" అని అడిగి ఒక్క క్షణం ఆగుతుంది.

నీతి: ఎదుటివారికి ఏం కావాలో అడిగి తెలుసుకోకుండా చేస్తే, ప్రేమతో చేసిన మేలు కూడా కీడే అవుతుంది.