పొద్దుటి గాలి

వామనుడికి ఓపిక తక్కువ. వరదల్లో ఆశ్రమం పడవలు ఏ రేవుకి వెళ్ళాలో చెప్పే పని అతనిది. ఊళ్ళ వివరాలు ఆశ్రమం డేటాబేసులోనే ఉండేవి. గోదావరి పటం మాత్రం బయటిది. నదిని కొలిచే ఉద్యోగులు దాన్ని తమ దగ్గరే ఉంచుకుని, ఎప్పటికప్పుడు దిద్దుతూ ఉండేవాళ్ళు.

సన్యాసం పుచ్చుకోకముందు ఇంజనీరుగా చేసిన తారకస్వామి, ఆ పటానికి డేటాబేసులోంచే ఒక దారి పెట్టారు. చూడ్డానికి అదీ ఒక టేబులే, కానీ లోపల ఏమీ ఉండదు. అడిగినప్పుడల్లా బయటికి వెళ్ళి పటం చూసొచ్చి చెబుతుంది. అడిగే ముందు స్వామి చేతులు జోడించేవారు. కంప్యూటరుకి దణ్ణమేమిటని వామనుడు లోలోపల నవ్వుకునేవాడు.

ఆ దారిన జవాబు వచ్చేలోపు టీ తాగి రావచ్చు. విసుగెత్తి, ఒక రోజు పొద్దున్నే వామనుడు పటం మొత్తానికి నకలు తీసి తమ డేటాబేసులో పెట్టేసుకున్నాడు. ఇక ఏది అడిగినా చిటికెలో జవాబు.

"స్వామీ, గోదావరంతా ఇప్పుడు మన దగ్గరే ఉంది. ఇంకొకరి గుమ్మం ముందు నిలబడక్కర్లేదు" అన్నాడు పొంగిపోతూ.

స్వామి లేచి వెళ్ళి, గదికున్న ఒక్క కిటికీ మూసి గడియ పెట్టి, వచ్చి కూర్చున్నారు.

వానకి కరెంటు పోయి ఫ్యాను తిరగడం లేదు. కంప్యూటరొక్కటే బ్యాటరీ మీద నడుస్తోంది. కాసేపటికి వామనుడికి చెమటలు పట్టాయి.

"ఉక్కపోస్తోంది స్వామీ. కిటికీ తియ్యనా?"

"ఎందుకు నాయనా? పొద్దున వచ్చిన గాలంతా లోపలే ఉందిగా."

పెద్దాయన చాదస్తం అనుకుని వామనుడు పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం, పడవ నడిపే కామేశు ఫోన్ చేశాడు.

"వామన బాబూ, తమరు చెప్పిన రేవు ములిగిపోయిందండి! పడవ ఆన్చడానికి చోటే లేదు. పాము కరిచిన బుల్లెమ్మని ఆ ఊరి గట్టు మీద పడుకోబెట్టారంట. ఎటు వెళ్ళమంటారండీ?"

వామనుడు తెర వైపు చూశాడు. అక్కడ ఆ రేవు పొద్దుటిలాగే పొడిగా ఉంది.

లేచి కిటికీ బార్లా తెరిచాడు. నకలు చెరిపేసి, స్వామి పెట్టిన దారిలోనే మళ్ళీ అడిగాడు. జవాబు వచ్చేదాకా తెర మీంచి చూపు తిప్పలేదు. పాత రేవు మునిగింది, బడి వెనక మెరక దగ్గర పడవ ఆనుతుంది. కాస్త ముందే ఎవరో పటంలో ఆ గుర్తు పెట్టారు. వామనుడు వెంటనే కామేశుకి చెప్పాడు.

సాయంత్రం కామేశు మళ్ళీ ఫోన్ చేశాడు. "టయానికి మందు పడిందండి. బుల్లెమ్మకి గండం గడిచినట్టేనన్నారు డాక్టరు గారు."

వామనుడు ఏడుస్తూ స్వామి కాళ్ళ మీద పడ్డాడు. "మీ దయ స్వామీ!"

స్వామి అతన్ని లేవదీసి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళారు. దూరంగా నది మీద ఒక చిన్న పడవ. అందులో ఎవరో వానలో తడుస్తూ, నీళ్ళలోకి కొలకర్ర దించుతున్నారు.

"వాళ్ళ పేరు నాకూ తెలియదు నాయనా" అన్నారు స్వామి.

ఇంకో పడవ బయల్దేరబోతోంది. వామనుడు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మీట నొక్కబోయి ఆగి, చేతులు జోడించాడు.