ఎర్ర దారం, తెల్ల దారం

అనగనగా, రాజధానికీ సముద్రానికీ నడుమ ఒక ఉప్పుటేరు పారేదట. ఏటికి ఆవల మేడలు, అంగళ్ళు, మహారాజుగారి కోట. ఏటికి ఈవల ఉప్పు మడులు, తాటాకు ఇళ్ళు, మండే ఎండ. ఈవల ఉన్న పల్లె పేరు తెల్లమడులు.

ఆ పల్లెలో నూకాలు, పైడమ్మ అని ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. పైడమ్మ పెద్దది, నూకాలు చిన్నది. రెండిళ్ళకూ మధ్య ఒకటే మట్టిగోడ.

నూకాలుకు పైడమ్మంటే గిట్టదు. పైడమ్మ ఆమెకు ఏ చెడూ చేయలేదు. చేసి ఉంటే నూకాలు మనసు కాస్త నెమ్మదించేదేమో. పైడమ్మ మడిలో ఉప్పు తెల్లగా దిగుతుంది. పైడమ్మ పులుసు పెడితే వీధంతా వాసన వస్తుంది. అత్త సోలమ్మ ఒక నెల పెద్దకోడలి ఇంట్లో, ఒక నెల చిన్నకోడలి ఇంట్లో తినేది. చిన్నకోడలి ఇంట్లో తింటూ, పెద్దకోడలి చేతి వంటను తలుచుకునేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నూకాలు కడుపులో కుంపటి రాజుకునేది.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక పల్లెకు చలిజ్వరం వచ్చింది. ఇంటికొకరు గొంగళి కప్పుకుని వణుకుతున్నారు. అప్పుడు ఏరు దాటి, పడవ నిండా మట్టిపిడతలతో ఒక రాజవైద్యుడు వచ్చాడు. అతని పేరు మకరందుడు. వయసులో చిన్నవాడు, చదువులో పెద్దవాడు. చలిజ్వరానికి తాను కొత్త చూర్ణం కనిపెట్టానని, ఊరికే ఇస్తానని చెప్పాడు. పల్లెవాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు.

వరసగా ఒక ఇంటికి ఎర్ర దారం కట్టిన పిడత, పక్క ఇంటికి తెల్ల దారం కట్టిన పిడత పంచారు. దారం రంగులు ఎందుకని ఎవరో అడిగారు. గుర్తుకోసమేనని, రెండూ ఒకటే మందని మకరందుడు చెప్పాడు. ఈ మందు వాడినన్నాళ్ళూ వేరే ఏ మందూ ముట్టుకోకూడదని గట్టిగా చెప్పి, పిడతలు చూసుకోవడానికి తన మనిషినొకడిని పల్లెలో ఉంచి వెళ్ళాడు.

పైడమ్మ ఇంటికి ఎర్ర దారం వచ్చింది. నూకాలు ఇంటికి తెల్ల దారం వచ్చింది.

రెండిళ్ళలోనూ రోగులున్నారు. పైడమ్మ కొడుకు ఎర్రన్నకు జ్వరం. నూకాలు కూతురు మంగకు జ్వరం. ఆ నెల అత్త వంతు నూకాలు ఇంట్లో. అత్తకూ జ్వరమే.

వారం తిరక్కుండానే ఎర్రన్న లేచి వీధిలో గోళీలాడాడు. మంగ మాత్రం మంచం దిగలేదు. అత్త కళ్ళు లోపలికి పోయాయి.

నూకాలు గోడకివతల నిలబడి ఎర్రన్న నవ్వులు వింది. ఆ నవ్వు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. పిల్లవాడు బాగుపడ్డాడన్న సంతోషం ఆమెకు రాలేదు. వాడే ఎందుకు బాగుపడాలి, నా పిల్ల ఎందుకు కాకూడదు అనిపించింది.

మొదట ఆమె గోడ దగ్గరికి వెళ్ళి పైడమ్మను నిలదీసింది. మందులో ఇంకేం కలుపుతున్నావని గుచ్చి గుచ్చి అడిగింది. వైద్యుడు చెప్పినట్టే వేడినీళ్ళలో కలిపి ఇస్తున్నానని, వేరే ఏమీ లేదని పైడమ్మ చెప్పింది. నూకాలు నమ్మలేదు. పైడమ్మ ఏదో దాస్తోందని ఆమెకు రూఢి అయిపోయింది.

నూకాలు మొగుడు ఒక మాటన్నాడు. ఏరు దాటి వెళ్ళి, నగరంలో ముసలి వైద్యుడు శరభయ్య ఇచ్చే చేదు కషాయం తెస్తానన్నాడు. పల్లెలో ఒకరిద్దరు పూర్వం ఉన్నవి తెగనమ్ముకుని అయినా తెచ్చుకున్నదే. నూకాలే వద్దంది. వేరే మందు ముట్టుకోవద్దని వైద్యుడు చెప్పాడు కదా, అక్కకు పనిచేసిన మందు మనకు పనిచేయకపోతుందా అంది.

రెండోసారి ఆమె వైద్యుడి మనిషి దగ్గరికి వెళ్ళి బతిమాలింది. నాకూ ఎర్ర దారం పిడత ఇవ్వమంది. ఎవరింటికి ఏది వచ్చిందో అదేనని, మార్చడానికి తనకు అధికారం లేదని అతను ముఖం తిప్పుకున్నాడు. పైడమ్మే అతణ్ణి మంచి చేసుకుని ఉంటుందనుకుంది నూకాలు.

మర్నాడు పొద్దున్నే అత్త కన్నుమూసింది.

పాడె లేచాక, ముసలమ్మ పెద్దకోడలి ఇంట్లో ఉండి ఉంటే బతికేదేమో అని ఎవరో అన్నారు. ఆ మాట వీధంతా తిరిగింది. చిన్నదాని చేతిలో చలవ లేదన్నారు. పైడమ్మ అత్త కోసం గుండెలు బాదుకుని ఏడ్చింది. చనిపోయాక కూడా అత్తను తనవైపు లాక్కుంటోందనుకుంది నూకాలు. అంతకంటే ఏమీ అనుకోలేనంతగా అసూయ ఆమె కళ్ళకు గంతలు కట్టింది.

మూడోసారి ఆమె ఎవరినీ అడగలేదు. పైడమ్మ మడికి వెళ్ళిన వేళ, తన పిడత పట్టుకుని, పెరటి తలుపు తోసుకుని ఆ ఇంట్లోకి వెళ్ళింది. రెండు పిడతల దారాలూ విప్పి, అటుది ఇటు, ఇటుది అటు కట్టింది. ఇప్పుడు ఎర్ర దారమున్న తన పిడతను పైడమ్మ గూట్లో పెట్టింది. తెల్ల దారమున్న పైడమ్మ పిడతను కొంగు చాటున తెచ్చుకుంది.

మంగకు ఆ మందు పట్టింది. రోజు రోజుకూ ఒళ్ళు చల్లబడింది. గంజి తాగింది, తర్వాత అన్నం అడిగింది.

ఇటు ఎర్రన్నకు జ్వరం తిరగబెట్టింది.

వాడి మూలుగు గోడ దాటి వినిపించినప్పుడు నూకాలుకు లోపల ఎక్కడో చల్లగా అయింది. ఇప్పుడు తెలిసిందా అక్కా అనుకుంది. అనుకున్న మరుక్షణమే తనను చూసి తనకే భయం వేసింది. ఆ పిల్లవాడికి మొదటి అన్నం ముద్ద పెట్టింది తనే.

సాయంత్రం పైడమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది. ఎప్పుడూ ఏమీ అడగని మనిషి. తల వంచుకుని అడిగింది.

"నూకాలూ, నీ తెల్ల దారం మందు ఆలస్యంగా పట్టినా గట్టిగా పట్టింది. నాదానిలో సత్తువ అయిపోయినట్టుంది. నా కొడుక్కి ఒక్క చిటికెడు పెట్టవే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

పైడమ్మ తన ముందు చేయి చాస్తే చూడాలని నూకాలు ఇన్నేళ్ళూ అనుకుంది. ఇప్పుడు చాచింది. చాచి, తన పిడతలోది తానే అప్పడుగుతోంది.

నూకాలు లోపలికి వెళ్ళి పిడత తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. చేసిందంతా చెప్పింది. ఒక్క మాట దాచలేదు.

పైడమ్మ ముఖం పాలిపోయింది. తిడుతుందనుకుంది నూకాలు, కొడుతుందనుకుంది. కానీ పైడమ్మ తన ఇంటికి వెళ్ళి రెండో పిడత తెచ్చింది. రెండు పిడతల్లోవీ వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది. ఒకటి చేదుగా ఉంది. రెండోది చప్పగా ఉంది. నూకాలు కూడా రుచి చూసింది. బియ్యప్పిండి, కాస్త పసుపు.

"అయితే అత్తమ్మ తాగింది ఏమిటి?" అంది పైడమ్మ.

పైడమ్మ మిగిలిన మందును ఇద్దరు పిల్లలకూ సమంగా కలిపింది. తెల్లవారగానే మహారాజుతో చెప్పుకోవడానికి ఇద్దరూ పడవెక్కారు. పడవలో పైడమ్మ నూకాలు వైపు చూడలేదు. కానీ దిగేటప్పుడు నూకాలు కాలు జారితే, చేయి మాత్రం ఇచ్చింది.

మహారాజు కొలువులో ఉన్నాడు. పక్కనే ముసలి శరభయ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరి మాటా విని మహారాజు మకరందుణ్ణి పిలిపించి, వాళ్ళు చెప్పింది వినిపించాడు. మకరందుడు వింటూనే నూకాలు వైపు వేలు చూపించాడు. ఈమె దొంగ అని, ఈమె దొంగతనం వల్ల తన పరీక్ష అంతా పాడైందని చెప్పాడు.

"నిజమే ప్రభూ, దొంగిలించాను," అంది నూకాలు. "శిక్ష వేయండి. వేసేముందు మా ఇంట్లో మందని చెప్పి పిండి ఎందుకు పెట్టారో అడగండి."

మహారాజు మకరందుణ్ణి మూడు ప్రశ్నలు అడిగాడు.

మొదటిది, తెల్ల దారం పిడతలో ఉన్నది పిండి అని వాళ్ళకు చెప్పావా అని. మకరందుడు తడుముకోకుండా జవాబిచ్చాడు. మందు గుణం తేలాలంటే మందు తిన్నవాళ్ళనూ తిననివాళ్ళనూ పక్కపక్కన చూడాలన్నాడు. చెబితే పిండి ఎవరు తింటారన్నాడు. "అయినా వాళ్ళకు ముందు మాత్రం ఏ వైద్యముంది ప్రభూ? ఏమీ లేనివాళ్ళకు ఏమీ ఇవ్వలేదు, అంతే. వాళ్ళ దగ్గర నేను తీసుకున్నది ఏదీ లేదు."

"తీసుకున్నారు అయ్యా," అంది నూకాలు. "నా మొగుడు ఏరు దాటి వస్తానన్నాడు. మీ మాట నమ్మి నేనే ఆపాను. ఇది పిండి అని చెప్పి ఉంటే, ఒంటి మీద ఉన్నది అమ్మి అయినా కషాయం తెచ్చుకునేవాళ్ళం. అత్తను బతికించుకునే దారి ఒక్కటే ఉండేది మాకు. దాన్ని మీరు మూసేశారు."

మహారాజు రెండో ప్రశ్న అడిగాడు. "మన నగరంలో చలిజ్వరానికి శరభయ్యగారి కషాయం ఇస్తున్నాం కదా. నీ చూర్ణాన్ని ఆ కషాయం పక్కన పెట్టి చూడకుండా, పిండి పక్కన పెట్టి ఎందుకు చూశావు?"

మకరందుడి చూపు ఒక్కసారి ముసలి వైద్యుడి వైపు వెళ్ళి, కాలినట్టు వెనక్కి వచ్చింది.

నూకాలు ఆ చూపు చూసింది. అలాంటి చూపును ఆమె ఇన్నేళ్ళూ తన ముఖంలోనే మోసింది.

"అది నాకు తెలుసు ప్రభూ," అంది మెల్లగా. "మా అక్క పక్కన నిలబడితే చిన్నగా కనబడతానని నేనెప్పుడూ ఆమె పక్కన నిలబడలేదు. ఈయన మందుకూ అదే భయం. పిండి పక్కనైతే ఏ మందైనా పెద్దగానే కనబడుతుంది."

మకరందుడు తల దించుకున్నాడు. పదేళ్ళుగా నగరమంతా శరభయ్య పేరే చెప్పుకోవడం తాను ఓర్వలేకపోయానని, కషాయం పక్కన తన చూర్ణం తేలిపోతుందేమోనని జంకానని ఒప్పుకున్నాడు.

మూడో ప్రశ్న, ఇప్పుడు గుణం తేలింది కదా, ఆ చూర్ణం ఎవరికిద్దామనుకున్నావు అని. నగరానికి, ఆ తర్వాత పరదేశపు వర్తకులకు అన్నాడు మకరందుడు. మరి తెల్లమడులకు అని మహారాజు రెట్టించాడు. ఆ సంగతి ఆలోచించలేదన్నాడు.

మహారాజు తీర్పు చెప్పాడు. చూర్ణం ముందు తెల్లమడులకు, అందులోనూ తెల్ల దారం ఇళ్ళకు చేరాలి. జ్వరం పూర్తిగా పోయేదాకా మకరందుడు ఆ పల్లెలోనే ఉండాలి. ఇకమీద ఈ రాజ్యంలో ఏ వైద్యుడు ఏ మందు పరీక్షించినా, ఇస్తున్నది ఏమిటో, ఏమవ్వొచ్చో ముందే విడమరచి చెప్పాలి. వద్దన్నవాణ్ణి వదిలేయాలి. పేదవాడని చెప్పి, ఉన్నవాటిలో మంచి మందు ఇవ్వడం మానకూడదు.

నూకాలు దొంగతనానికి ఏం శిక్ష వేయమంటావని పైడమ్మను అడిగాడు. "ఆ సంగతి మా ఇంట్లో తేల్చుకుంటాం ప్రభూ," అంది పైడమ్మ.

చనిపోయిన సోలమ్మ సంగతికి మాత్రం మహారాజు దగ్గర తీర్పు లేదు. ఆయన సింహాసనం దిగి, ఇద్దరికీ చేతులు జోడించాడు.

మకరందుడు పల్లెకు వచ్చాడు. తెల్ల దారం ఇళ్ళ గుమ్మాలన్నీ తొక్కి, మీకిచ్చింది పిండి అని తన నోటితో తానే చెప్పాడు. కొందరు తిట్టారు, కొందరు తలుపు వేసుకున్నారు. నూకాలు అతణ్ణి కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు. మందు మాత్రం అడిగి అందుకుంది.

పైడమ్మ చాలాకాలం నూకాలుతో ముభావంగానే ఉంది. నూకాలు అడగవలసిన క్షమాపణ అడిగింది. వెంటనే దొరకలేదని నొచ్చుకోలేదు. ఎర్రన్నకు పూర్తిగా నయమైన రోజున, పైడమ్మ గోడ మీద నుంచి పులుసు గిన్నె అందించింది.

మరికొన్నేళ్ళకు ఇంకో కొత్త మందు వచ్చింది. ఈసారి మకరందుడు ఊరందరినీ కూర్చోబెట్టి, ఇందులో మంచి ఇది, ముప్పు ఇది, తెలియనిది ఇది అని చెప్పాడు. శరభయ్య కషాయం కుండలు పక్కనే పెట్టాడు. పైడమ్మ పరీక్షకు సరేనంది. నూకాలు వద్దంది. ఇద్దరినీ ఎవరూ ఎందుకని అడగలేదు.

కాబట్టి పిల్లలూ, బాగుపడిన పొరుగింటి మీద కన్నెర్ర చేసేముందు ఇద్దరినీ రెండుగా పంచినవాడెవడో చూడాలి. ఎదుటివాడికి చెప్పకుండా, అతణ్ణి తక్కువవాడిగా ఎంచి చేసే మేలు, ఎంత గొప్ప విద్యతో చేసినా మేలు కాదు.