తిప్పక్క పసుపు కొమ్ము

రాజుగారి సేనాపతి, దళవాయి భైరవప్ప కన్నుపడిన వస్తువు ఎవరింట్లోనూ నాలుగు రోజులు నిలిచేది కాదు. అలాంటి చోట తిప్పక్క తన మడిలో పసుపు తవ్వుతుంటే కంచు బిళ్ళ ఒకటి బయటపడింది. ఏ కాలం నాటిదో, నడికట్టుకు పెట్టుకునే సింహం బొమ్మ బిళ్ళ.

"అది నాది. పోయిన నెల నా గుడారంలోంచి దొంగిలించింది" అని దళవాయి రాజుగారికి ఫిర్యాదు చేశాడు. దొంగతనానికి శిక్ష చెయ్యి నరకడం.

భటులు రాగానే తిప్పక్క బిళ్ళను మట్టితోనే మూటగట్టింది. "నాయనా, రాజుగారి ముందే విప్పండి, మీ కాళ్ళు మొక్కుతా" అంది. దారిలో ఓ భటుడు ఆ మూటను ఎగరేసి పట్టుకున్నప్పుడల్లా ఆమెకు పైప్రాణాలు పైనే పోయేవి.

సభలో మూట విప్పారు.

"ఇదే ప్రభూ, నాదే!" అన్నాడు దళవాయి.

"మీదైతే పట్టుకుపోండి దొరా," అంది తిప్పక్క. "దానికి తగులుకున్న పసుపు కొమ్ము మాత్రం నాది. విరక్కుండా తీసి ఇచ్చేయండి."

దళవాయి లాగాడు, తిప్పాడు. తోలుపట్టా దూర్చే కన్నంలోంచి పెరిగిన కొమ్ము రెండు పక్కలా లావుగా ఊరి ఉంది. ఎటూ రాలేదు.

"ఇంత కొమ్ము ఊరడానికి ఎన్నాళ్ళు పడుతుందమ్మా?" అన్నారు రాజుగారు.

"తొమ్మిది నెలలు ప్రభూ. బిళ్ళ పోయి నెలే అయిందని దొరగారే సెలవిచ్చారు."

రాజుగారు పదవికి గుర్తుగా తామిచ్చిన, దళవాయి నడుముకున్న నడికట్టు వైపు వేలు చూపించారు.

"అదైతే నాదేగా? విప్పి ఇక్కడ పెట్టు."