మౌలాలి మోసిన మోపు

ఆ సాయంత్రం మౌలాలి ఒక గొడ్డలి పట్టుకుని రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చాడు.

"దొరికింది బాబా! కింది పేట సుంకమ్మ. గుట్ట మొదట్లోనే పచ్చి తెల్లమద్ది చెట్టును నరుకుతా ఉంటే పట్టుకున్నా. గొడ్డలి లాగేసుకున్నా. ఇంక ఈ గుట్ట తొక్కదు!"

నల్లమల అంచున ఉన్న ఆ గుట్ట ఒకప్పుడు బోడిది. ఈ ముసలి ఫకీరు వచ్చి మకాం పెట్టి, గొడ్డలీ మేకా తగలనీయకుండా కాచుకున్నాక పచ్చబడింది. ఆయన కాళ్లు సహకరించక ఇప్పుడు కాపలా శిష్యుడిది. చెట్లంటే మౌలాలికి ప్రాణం. ఎక్కడ కొత్త చిగురు కనబడినా పరుగున వచ్చి గురువుకు చెప్పేవాడు.

బాబా గొడ్డలి అంచును బొటనవేలితో తడిమాడు. "బాగా నూరుకుందే," అన్నాడు. అంతే. మెచ్చుకుంటాడనుకున్న మౌలాలి ఆ పూట రొట్టె సగంలోనే వదిలేసి లేచాడు.

తెల్లారాక బాబా గొడ్డలి భుజాన వేసుకుని, కర్ర ఊతంగా లేచి "పద, పేటలోకి పోయొద్దాం," అన్నాడు. మౌలాలి మూతి ముడుచుకుని వెనకాలే నడిచాడు.

సుంకమ్మ ఇంట పొయ్యి రాజలేదు. మొగుడు లేడు. చేలల్లో కూలి దొరకని ఎండాకాలమంతా కట్టెల మోపు అమ్మితేనే ఆమెకూ, ఇద్దరు పిల్లలకూ, అత్తకూ ఇన్ని గింజలు. బాబాను చూడగానే ఆమె చేతులు జోడించింది.

"తప్పయింది బాబా. పచ్చిది కొట్టగూడదని నాకూ తెలుసు. ఎండుకట్టెలన్నీ పైన ఉండాయి. పైకి మౌలాలి రానీడు."

"రానిస్తే ఈరోజు ఎండుది, రేపు పచ్చిది," అన్నాడు మౌలాలి.

బాబా ఇద్దరినీ చూశాడు. గొడ్డలి తీసి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"వానలు పడేదాకా ఈమె మోపు నువ్వు తెచ్చియ్యి, నాయనా."

"నేనా?"

"గుట్ట నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

మొదట్లో మౌలాలికి అది పనిలాగే అనిపించలేదు. మకాం చుట్టూ రాలిన కొమ్మలే బోలెడు. మోపు కట్టి, నెత్తిన గుడ్డచుట్ట పెట్టుకుని దిగి, ఆమె వాకిట్లో దించేవాడు. "చూశావా, పచ్చిది ముట్టకుండానే," అనేవాడు.  సుంకమ్మ చెంబుతో మజ్జిగనీళ్లు ఇచ్చి, మోపెత్తుకుని సంతకు పోయేది.

రాను రాను దగ్గరి ఎండుకట్టెలు అయిపోయాయి. మిగిలినవన్నీ చెట్ల మీద చేతికందని ఎత్తులో; చెట్టెక్కి విరిచి, దిగి ఏరి, మోపు కట్టి మోయడం ఒక్కడి వల్ల అయ్యేది కాదు. అవతలి వాగుదాకా పోవాల్సి వచ్చేది. మెడ వాచింది. కాళ్లు బొబ్బలెక్కాయి.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం, సగం మోపుతో తిరిగొస్తున్నాడు. కాళ్ల కింద రాళ్లు నిప్పుకణికల్లా ఉన్నాయి. దారి పక్కనే ఒక లేత తెల్లమద్ది. దాని కొమ్మ ఒకటి తిన్నగా, చేతికందేంత ఎత్తులో. సగం మోపు తీసుకుపోతే ఆ ఇంట్లో పిల్లలకు సగం కడుపే.

మౌలాలి చుట్టూ చూశాడు. ఎవరూ లేరు.

గొడ్డలి ఎత్తాడు.

కొమ్మ తెగి పడ్డాక గానీ, తను చుట్టూ ఎందుకు చూశాడో అతనికి తట్టలేదు. తెగినచోట తడి మెరుస్తూ ఉంది. దాని పక్కనే కూలబడ్డాడు. తర్వాత ఆ కొమ్మనూ మోపులోనే కట్టి, తీసుకుపోయి దించేసి వచ్చాడు. మజ్జిగ తాగలేదు.

పొద్దుగూకే వేళ బాబా గోరువెచ్చటి ఆముదం తెచ్చి మౌలాలి మెడకు రాస్తూ కూర్చున్నాడు.

"బాబా, ఈరోజు పచ్చి కొమ్మ నరికినా."

బాబా చెయ్యి ఆగలేదు. "ఎవరైనా పట్టుకున్నారా?"

"లేదు."

"పాపం," అన్నాడు బాబా, "సుంకమ్మను పట్టుకోవడానికైతే నువ్వు ఉంటివి."

మౌలాలి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు. బాబా మెడ రుద్దుతూనే ఉన్నాడు.

పొద్దున్నే మౌలాలి పేటకు దిగి సుంకమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"అక్కా, పైకి రా. నీ తోటి ఆడోళ్లనూ పిల్చుకో. పైనున్న ఎండుకొమ్మలు నేను చెట్టెక్కి విరిచి పడేస్తా, మీరు ఏరుకోండి. పచ్చిదాని జోలికి ఎవరం పోవద్దు. నేను కూడా."

ఆమె నమ్మలేనట్టు చూసింది. పక్కిళ్ల ఆడోళ్లకు వెనకాలే రమ్మని చెప్పి, కొంగు నడుముకు దోపుకుని అతని వెంట బయల్దేరింది.

గుట్ట సగం ఎక్కాక లేత తెల్లమద్ది దగ్గర ఆగిపోయింది. "అయ్యో, దీన్ని ఎవరు కొట్టింది?"

మౌలాలి తల దించుకున్నాడు. ఆమె అతని ముఖం చూసింది, వాచిన మెడ చూసింది.  వంగి ఇంత మట్టి తీసుకుంది.

"నీ భుజాన ఉన్న సొరకాయ బుర్రలో నీళ్లు ఉంటే పొయ్యి తమ్ముడూ, గాయానికి మెత్తుదాం."

మౌలాలి నీళ్లు పోశాడు. ఆమె కలిపింది. ఇద్దరూ మెత్తారు.