పంగలకర్రల నూకాలు

అనగనగా, పొద్దు మొహమే ఎరగని ఒక ఊరుండేదిరా బుజ్జీ. అక్కడెప్పుడూ చీకటే. ఆ చీకట్లో డబ్ డబ్ అని ఒక డప్పు మోగుతుండేది. అది ఆగిందా, ఊరు చచ్చిపోయినట్టే.

ఊరి గోడకి అవతల అద్దెవాళ్ళుండేవారు. లెక్కలేనంతమంది. వాళ్ళకి కళ్ళు లేవు, మాట లేదు. అయినా పాపం మంచివాళ్ళే. ఊరివాళ్ళు అరిగించుకోలేని పీచూ తొక్కా నమిలి, మెత్తన చేసి తిరిగి ఇచ్చేవారు.

గోడ పక్కన నూకాలని ఒక ముసలమ్మ, ఊళ్ళోకి చొరబడేవాళ్ళకి తగిలించి లాగడానికి చిన్న చిన్న పంగలకర్రలు చెక్కేది. అక్కడి ఆచారం ఏంటంటే, కర్రలు చెక్కేవాళ్ళకి జన్మకి ఒక్కటే కొలత; మొదట ఏది పడితే అదే. ఒకనాడు నూకాలు గోడ సందులో చెయ్యి పెట్టి ఒక అద్దెవాణ్ణి తడిమింది. భుజం మీద ముడి తగిలింది. చల్లగా, జిగటగా ఉంది. నూకాలు ఒళ్ళు జలదరించింది. ఆ ముడి కొలతకే కర్ర చెక్కి తగిలించింది. అప్పుడు పక్కవాణ్ణి తడిమింది. అదే ముడి! ఆ తర్వాత ఇంకొకణ్ణి. అదే ముడి!

కాపలా ఎరకయ్య విసుక్కున్నాడు. "ఏటి నూకాలప్పా, నీ కర్రలు దొంగలకి కాదు, మన అద్దెవోళ్ళకే తగులుకుంటన్నాయి. ఆపీ ఇంక!"

నూకాలుకి ఏడుపొచ్చింది. కానీ వేరే కొలత ఆవిడకి రాదే! చెక్కుతూనే ఉంది. గోడ అవతలికి కొన్ని, ఊళ్ళో పారే ఎర్ర కాలవలోకి కొన్ని వదుల్తూనే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు గోడ చిట్లింది. అడుగుల చప్పుడు లేకుండా ఎవడో లోపలికొచ్చాడు. ఎర్ర కాలవలో దిగి, ఒకడు ఇద్దరై, ఇద్దరు నలుగురై, డప్పు వైపు సాగాడు. వాణ్ణి ఎవరూ ఎరగరు. వాడికని ఎవరూ కర్ర చెక్కలేదు. ఊరు ఊరంతా జ్వరమొచ్చినట్టు పెనంలా కాలిపోయింది. డప్పు తడబడింది.

అప్పుడు నూకాలు కాలవలో చెయ్యి పెట్టింది. చల్లటి భుజం తగిలింది. దాని మీద, అద్దెవాళ్ళకున్న అదే ముడి! ఆవిడ ఎప్పుడో వదిలిన కర్రలు అప్పటికే వాడి ఒళ్ళంతా కరుచుకుని ఉన్నాయి.

"ఎరకయ్యా, కర్ర పట్టుకుని లాగరా!" అని అరిచింది. కాపలావాళ్ళు లాగారు, గుటుక్కున మింగేశారు. డప్పు సర్దుకుంది. ఎరకయ్య వచ్చి నూకాలు పక్కన కూలబడ్డాడు. "చెక్కు అప్పా, చెక్కు," అన్నాడు. నూకాలు బావురుమంది.

ఆ తర్వాత గోడ సందులో చెయ్యి పెట్టి చూసింది. అద్దెవాళ్ళంతా గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు, కదలకుండా. డప్పు వింటున్నారు.

ఆ ఊరెక్కడంటావా? నీ పొట్ట మీద చెయ్యి పెట్టు. గుర్రుమంది కదూ? ఆ అద్దెవాళ్ళే. ఇప్పుడు గుండె మీద పెట్టు. మోగుతోందా? అయితే నూకాలు మేలుకునే ఉందమ్మా, నువ్వు పడుకో.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నూకాలు గోడకి,
మనమేమో ఇంటికి.