పండితుడి పట్టుశాలువా

చింతలదుర్గం రాజుగారింట్లో ఒక కంప్యూటరు ఉండేది. అందులోని ఫొటోలన్నిటికీ బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేరు తయారుచేసినందుకు మార్తాండయ్య పండితుడు రాజుగారి చేత పట్టుశాలువా కప్పించుకున్నాడు. రోజూ పొద్దున్నే సభకొచ్చి, "బ్యాకప్ భద్రం ప్రభూ," అని మీసం దువ్వేవాడు.

ఒకనాడు కంప్యూటరు చచ్చిపోయింది. పండితుడు కొత్తది తెప్పించి, బ్యాకప్‌లోంచి ఫొటోలు వెనక్కి రప్పించబోయాడు. మూడు రోజులు తెర మీద చక్రం తిరిగింది. ఒక్క ఫొటో రాలేదు. పెళ్లి ఫొటోలు పోయాయని రాణిగారు అన్నం మానేశారు.

"నా సాఫ్ట్‌వేరులో లోపం లేదు ప్రభూ. గది ఊడ్చే గవిరమ్మ చీపురు తగిలి బ్యాకప్ చెడింది," అన్నాడు పండితుడు.

రాజు గవిరమ్మను ఊరు వదిలి పొమ్మన్నాడు.

"అలాగే పోతాను బాబూ," అంది గవిరమ్మ. "పండితులవారింట్లో కంప్యూటరుకీ ఇదే బ్యాకప్ ఉందట కదా. ఆ ఇంట్లో నేనెప్పుడూ చీపురు పట్టలేదు. అందులో ఉన్నదంతా ఇప్పుడు చెరిపేసి, మళ్లీ రప్పించమనండి. వస్తే తప్పు నాదే."

రాజు సరేనన్నాడు. భటులు ఆ కంప్యూటరు మోసుకొచ్చారు. పండితుడు దాన్ని రెండు చేతులా కావలించుకుని, "పాపం, గవిరమ్మ ముసలిది. ఈసారికి క్షమించేద్దాం ప్రభూ," అన్నాడు.

రాజు పండితుడి శాలువా తీయించి గవిరమ్మకు కప్పబోయాడు.

"కప్పకండి బాబూ, చేతికివ్వండి," అంది గవిరమ్మ. "కొత్త కంప్యూటరు తుడవడానికి గుడ్డ లేదు."